మొహమాటంతో టిక్ పెట్టకు

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బట్టల బ్రాండ్లు పర్యావరణానికి ఏం చేస్తున్నాయో, పనివాళ్లను ఎలా చూస్తున్నాయో పరిశీలించి మార్కులు వేసే ఉద్యోగంలో చేరుతున్నావట. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ ఆడిట్లు చేసినదాన్ని కదా, నాకు తెలిసింది నీకు చెప్పకుండా ఉండలేను.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. "గ్రీన్", "ప్రకృతికి నేస్తం" లాంటి మాటలకు మార్కులు వేయకు. ఏది, ఎంత, ఎప్పటితో పోలిస్తే అని అడుగు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అని ఉంటే ఆ బట్టలో హానికర రసాయనాలు పరిమితి దాటలేదని అర్థం, కుట్టినవాళ్ల జీతం గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. గాట్స్ (ఆర్గానిక్ బట్టల ప్రమాణం) గుర్తుతో "ఆర్గానిక్" అని రాయాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ పీచు ఉండాలి. రీసైకిల్డ్ పాలిస్టర్ ఎక్కువగా ప్లాస్టిక్ సీసాల నుంచి వస్తుంది, పాత బట్టల నుంచి కాదు. షాపుల మీద సోలార్ పలకలు పెట్టామని ఫొటోలు వేస్తారు గానీ, అసలు కర్బన భారమంతా నూలు, నేత, అద్దకం దగ్గరే ఉంటుంది, ఆ మిల్లులు చాలావరకు బ్రాండ్ సొంతం కావు. అందుకే రిపోర్టులో స్కోప్ 3 లెక్క, అంటే సొంతం కాని అలాంటి మిల్లుల కర్బనాన్ని కూడా కలిపే లెక్క, ఉందో లేదో చూడు. ఒక్కో చొక్కాకు ఇంత తగ్గించామంటే, ఏడాదికి మొత్తం ఎన్ని చొక్కాలు కుట్టించారో అడుగు.

ఇవన్నీ నీకు ఆఫీసులో నేర్పుతారు. ఈ ఉత్తరం రాస్తున్నది ఇంకోదాని కోసం.

ఆడిట్లు మొదలుపెట్టిన రెండో ఏడు ఒక కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లాను. అప్పట్లో వారం ముందే కబురు పెట్టి వెళ్లేవాళ్లం. రెండో అంతస్తులో అందరికీ కొత్త మాస్కులు, మడతలు కూడా పోలేదు. చివర్లో ఎమర్జెన్సీ తలుపు, తోస్తే తెరుచుకుంది. కానీ దాని ముందు నేల మీద మంచమంత చోటు నలుచదరంగా తెల్లగా ఉంది. చుట్టూ నూలు నుసి, దారపు ముక్కలు పేరుకుని ఉన్నాయి, ఆ చోటు మాత్రం శుభ్రంగా ఉంది. అక్కడ రోజూ అట్టపెట్టెలు ఉంటాయని, నేనొస్తున్నానని ఆ పొద్దునే తీశారని ఎవరికైనా తెలిసిపోతుంది. నాకూ తెలిసింది. ఒక్క క్షణం ఆగాను కూడా. కానీ మేనేజర్ ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నాడు, సాయంత్రంలోగా ఇంకో ఫ్యాక్టరీ చూడాలి, నా ఫారంలో ఉన్న ప్రశ్నేమో "తలుపుకు ఏదైనా అడ్డం ఉందా?" అని. లేదు అని టిక్ పెట్టాను. హాజరు పుస్తకం చూస్తే నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత, నూట యాభై మందీ సరిగ్గా తొమ్మిదికి వచ్చి ఆరింటికి వెళ్లిపోయినట్టు ఉంది. దానికీ టిక్ పెట్టాను.

ఐదు నెలల తర్వాత ఒక రాత్రి పదింటికి అక్కడ ఇస్త్రీ బల్ల దగ్గర మంట లేచింది. నా రిపోర్టు ప్రకారం ఆ వేళకు అంతస్తు ఖాళీగా ఉండాలి. నలభై మంది ఉన్నారు, తలుపు ముందు అట్టపెట్టెలూ ఉన్నాయి. ఎవరూ చనిపోలేదు, అది వాళ్ల అదృష్టం. కిటికీలోంచి దూకిన ఒకమ్మాయికి రెండు కాళ్లూ విరిగాయి. ఆసుపత్రికి వెళ్తే నన్ను గుర్తుపట్టింది. "ఆ రోజు నా మిషన్ దగ్గర నిలబడ్డారు కదా మేడం, ఏమైనా అడుగుతారేమో అనుకున్నాను" అంది. మేనేజర్ పక్కనే ఉన్నాడని నేనేమీ అడగలేదు తల్లీ.

2012 సెప్టెంబరులో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా పోయారు. అంతకు కొన్ని వారాల ముందే దానికి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది, అంటే పనివాళ్ల భద్రత, హక్కులు అన్నీ సవ్యంగా ఉన్నాయని. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ తెల్లటి చోటే కళ్ల ముందు కనిపించింది. తర్వాతి ఏడాది ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజే పగుళ్లు కనిపించాయి, అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపేసింది, కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు.

అందుకే నేను ముందు తలుపులు, మెట్లు, గోడలు చూడమంటాను. కర్బనం లెక్క తర్వాత వేసినా ఫరవాలేదు అంటే నీకు కోపం వస్తుందేమో, రానీ. రానా ప్లాజా తర్వాత ఫ్యాక్టరీల భద్రత కోసం వచ్చిన అకార్డ్ ఒప్పందం మీద ఆ బ్రాండ్ సంతకం చేసిందా చూడు, అది చట్టపరంగా కట్టుబడాల్సిన ఒప్పందం, దాని తనిఖీ ఫలితాలు ఎవరైనా చదవొచ్చు. ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు బయటపెట్టారా? ఫ్యాక్టరీల జాబితా ఉండే వెబ్‌సైట్ ఓపెన్ సప్లై హబ్‌లో వెతుకు. ఉన్న మిషన్లకూ తీసుకున్న ఆర్డర్‌కూ లెక్క కుదరకపోతే ఆ పని ఇంకెక్కడో, నీకు చూపించని చోట జరుగుతోందన్నమాట. పనివాళ్లతో ఫ్యాక్టరీ బయట, సూపర్‌వైజర్ లేనప్పుడు మాట్లాడు. ఓవర్‌టైమ్ తప్పంతా ఫ్యాక్టరీ మీదకు తోసేయకు, ఆర్డర్ ఇచ్చాక డిజైన్ ఎన్నిసార్లు మార్చారో, డబ్బు ఎన్నాళ్లకు ఇస్తున్నారో బ్రాండ్‌నే అడుగు. 2020లో కరోనా రాగానే కుట్టేసిన ఆర్డర్లనే రద్దు చేసిన బ్రాండ్లు ఉన్నాయి, నువ్వు చూసే బ్రాండ్ అప్పుడేం చేసిందో కనుక్కో.

చిన్నప్పటి నుంచీ నీకు మొహమాటం ఎక్కువ. ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని ప్రశ్న నోటిదాకా వచ్చినా మింగేస్తావు. మీ అమ్మకు లేదది, నా నుంచే నీకొచ్చింది, అందుకే ఇంత కోప్పడుతున్నాను. తెలివిలో నువ్వు నాకంటే చాలా ముందున్నావు, ఆ విషయంలో నాకు బెంగ లేదు.

మొదటిసారి ఫ్యాక్టరీకి వెళ్లిన రోజు, ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి. తలుపుల దగ్గర నేల ఎలా ఉందో ముందు చెప్పు, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నీ పెద్దమ్మ