పోర్టికోలో కారు లిఫ్ట్: డబ్బు తీసే ముందు టేపు తీయండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సొంత ఇల్లు. మా నాన్నగారు వాడిన 1986 అంబాసిడర్, నా బాలెనో ఉన్నాయి. అంబాసిడర్ పనులన్నీ నేనే చేసుకుంటాను, అది నాకు ప్రాణం. కానీ జాకీ పెట్టి కింద పడుకుని పనిచేయడం నడుము నొప్పి వల్ల కష్టమవుతోంది. ఇంట్లోనే లిఫ్ట్ పెట్టించుకుందామనుకుంటున్నాను. టూ పోస్ట్ లిఫ్ట్‌కి 2.40 లక్షలు, ఫోర్ పోస్ట్‌కి 3.60 లక్షలు కొటేషన్ ఇచ్చారు, జీఎస్టీ అదనం. ఫోర్ పోస్ట్ అయితే ఒక కారు మీద ఒకటి పెట్టుకోవచ్చంటున్నారు. 1.50 లక్షల సిజర్ లిఫ్ట్ కూడా చూపించారు గానీ చిన్నదని పట్టించుకోలేదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒకే ఖాతాలో 15 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీలో 5 లక్షలు ఉన్నాయి. మా ఆవిడ టీచరుగా రిటైరైంది, ఇల్లు ఆమె పెన్షన్‌తో నడుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి పర్సనల్ లోన్ తీసి ఇస్తానంటున్నాడు. ఏది కొనాలి? డబ్బు ఎక్కణ్నుంచి తీయాలి? పోర్టికో స్లాబు 10 అడుగుల ఎత్తు, మధ్యలో దూలం కింది అంచు 9 అడుగులు.

జవాబు: సార్, ముందుగా ఒక మాట. ఈ వయసులో నాన్నగారి కారును మీ చేత్తో మీరే చూసుకోవాలనుకోవడం అనవసరపు ఖర్చు కాదు. రిటైర్మెంట్ డబ్బుతో ఏదైనా కొంటానంటే వద్దనడమే మా పని అనుకుంటారు చాలామంది. నేను వద్దనను. కాకపోతే మీ ప్రశ్న చివర్లో రాసిన ఆ రెండు కొలతలే ఏ లిఫ్ట్ కొనాలో దాదాపు తేల్చేశాయి. మీ కప్పు ఒప్పుకునే ఎత్తు వరకే డబ్బు పెట్టండి, అంతకు మించి పెట్టినది వాడుకోలేరు.

లెక్క చూడండి. అంబాసిడర్ ఎత్తు సుమారు 5 అడుగుల 3 అంగుళాలు. బాలెనో దాదాపు 5 అడుగులు. ఫోర్ పోస్ట్ లిఫ్ట్ మీద ఒక కారు, దాని కింద ఇంకో కారు అంటే ఈ రెండూ కలిపి 10 అడుగుల 3 అంగుళాలు. మధ్యలో పైకారు నిలబడే పట్టాల మందం ఓ అరడుగు. అంటే 10 అడుగుల 9 అంగుళాలు. స్లాబుకే తగులుతుంది, దూలం సంగతి చెప్పక్కర్లేదు. డీలరు మీ ఇంటికి వచ్చి కొలవకుండానే ఒకదాని మీద ఒకటి పెట్టుకోవచ్చని చెప్పి ఉంటాడు. కాబట్టి ఫోర్ పోస్ట్ ఇక్కడితో పక్కన పెట్టేయొచ్చు.

ఇక టూ పోస్ట్. మెకానిక్ షెడ్లలో మనం చూసేది అదే. రెండు స్తంభాల నుంచి నాలుగు చేతులు వచ్చి కారు బాడీని కింద నుంచి పట్టి లేపుతాయి, చక్రాలు నాలుగూ గాల్లో ఉంటాయి. బ్రేకులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్నీ చేతికి అందుతాయి. పని చేసుకోవడానికి అంతకంటే మంచిది లేదు. కానీ మీరు నిటారుగా నిలబడాలంటే చక్రాలు నేల నుంచి ఐదున్నర అడుగులైనా లేవాలి. దానికి కారు ఎత్తు కలిపితే మళ్లీ 10 అడుగుల 9 అంగుళాలే. దూలం 9 అడుగుల దగ్గర ఉంది కాబట్టి మీ అంబాసిడర్ మహా అయితే మూడున్నర అడుగులు లేస్తుంది. స్తంభాలను పైన అడ్డపట్టీతో కలిపే రకమైతే వాటికే 11, 12 అడుగులు కావాలి, అసలు పట్టదు. కింద ప్లేటుతో కలిపే రకం పొట్టిగా ఉంటుంది, అది కూడా మీ దూలాన్ని తప్పించుకుంటుందో లేదో కొలిచి చూడాల్సిందే.

టూ పోస్ట్‌కి ఇంకో ఖర్చు ఉంది. అది కొటేషన్‌లో కనిపించదు, ఫ్లోరింగులో దాక్కుని ఉంటుంది. కారు బరువంతా ఆ రెండు స్తంభాలను నేలకు బిగించే యాంకర్ బోల్టుల మీద ఆధారపడుతుంది. కంచరపాలెంలో మా పెద్దనాన్న కొడుకు సొంత షెడ్డులో లిఫ్ట్ పెట్టించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. టైల్ పగలగొట్టి మొదటి రంధ్రం వేశారు. కాసేపు బూడిద రంగు కాంక్రీటు పొడి వచ్చింది. డ్రిల్లు బిట్టు రెండున్నర అంగుళాలు దిగిందో లేదో ఎర్రటి గ్రావెల్ పైకొచ్చింది. బిగించడానికి వచ్చినతను డ్రిల్లు ఆపేసి, బిట్టును గుడ్డతో తుడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. ఆ రోజు ఇక పని జరగలేదు. నేల తవ్వించి, ఇనుము కట్టించి, కొత్తగా కాంక్రీటు పోయించి, అది గట్టిపడే దాకా 28 రోజులు ఆగాల్సి వచ్చింది. లిఫ్ట్ మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఆ నెలంతా గోడకు ఆనుకుని ఉంది.

మన పోర్టికోలు ఎక్కువగా ఇంతే. గ్రావెల్ నింపి, పైన పల్చగా పీసీసీ, అంటే ఇనుము లేని కాంక్రీటు వేసి, టైల్స్ అతికిస్తారు. కారు నిలబడటానికి అది చాలు. లిఫ్ట్ తయారీదారుల మాన్యువల్స్ సాధారణంగా కనీసం 4 అంగుళాల గట్టి కాంక్రీటు అడుగుతాయి. టైల్ మందం, దాని కింది సిమెంటు బెడ్ మందం అందులో లెక్కకు రావు. నేనైతే 6 అంగుళాల మందాన ఎం25 గ్రేడు కాంక్రీటు వేయించమంటాను. ఈ సివిల్ పనికి మేస్త్రీతో విడిగా అంచనా వేయించుకోకుండా టూ పోస్ట్ ధర 2.40 లక్షలని అనుకోవద్దు.

ఇప్పుడు మీరు పట్టించుకోని ఆ సిజర్ లిఫ్ట్ దగ్గరకు వద్దాం. కత్తెరలా ముడుచుకుని, తెరుచుకుని కారును సుమారు మూడున్నర, నాలుగు అడుగుల దాకా లేపే రకం అది. మీ దూలం ఒప్పుకునే ఎత్తు కూడా అంతే. మీకు పనికొచ్చే ఎత్తంతా అదే ఇస్తున్నప్పుడు 90 వేలు ఎక్కువ పెట్టి టూ పోస్ట్ ఎందుకు? పైగా బరువు ఒక్కచోట పడకుండా పెద్ద అడుగు ప్లేటు మీద పరుచుకుంటుంది. ఈ సైజులో కొన్నిటిని నేలకు బిగించకుండానే వాడొచ్చు. కావాలంటే చక్రాలతో పక్కకు లాగేసి బాలెనో పెట్టుకోవచ్చు. మీరు కింద పడుకోనక్కర్లేదు, నిలబడనూ అక్కర్లేదు, చక్రాలున్న చిన్న పీట మీద కూర్చుని పని చేసుకుంటారు. నడుముకు అదే నయం.

లోపం కూడా చెప్పాలి. లిఫ్ట్ కారు నడిమధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడి భాగాలకు చెయ్యి సరిగా అందదు. గేర్‌బాక్స్ దించడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొత్తం తీయడం లాంటివి దీని మీద ఇబ్బందే. బ్రేకులు, చక్రాల బేరింగులు, పట్టీలు, షాక్ అబ్జార్బర్లు, ఆయిల్ మార్చడం హాయిగా చేసుకోవచ్చు. గేర్‌బాక్స్ దించే పని ఎన్నేళ్లకోసారి వస్తుందో మీకే తెలుసు. అది వచ్చినప్పుడు ఆటోనగర్‌కి తీసుకెళ్లండి, ఆ ఒక్క పని కోసం ఇంట్లో స్తంభాలు పాతక్కర్లేదు.

సముద్రం దగ్గర ఉన్నారు కాబట్టి తుప్పు సంగతి మర్చిపోవద్దు. మీ కాలనీలో గేటుకు రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఫోర్ పోస్ట్‌లలో చాలావాటికి కారు బరువును ఉక్కు తాళ్లు మోస్తాయి. టూ పోస్ట్‌లలో కూడా రెండు వైపులా సమానంగా లేవడానికి తాళ్లుంటాయి. ఉప్పుగాలికి లోపలి తీగలు తుప్పు పట్టి తెగుతుంటే బయటికి తెలియదు. మీరు కొనే సిజర్ లిఫ్ట్‌లో పిన్నులు, బుషింగులు, హైడ్రాలిక్ సిలిండర్ ఉంటాయి. వాటికి గ్రీజు పెట్టడం మీకు చేతకాని పని కాదు. బయట గాలి కొట్టే పోర్టికోలో వాడనప్పుడు కవరు కప్పి ఉంచండి.

డబ్బు సంగతి. సిజర్ లిఫ్ట్ 1.50 లక్షలకు 18 శాతం జీఎస్టీ 27,000 కలిపితే 1,77,000. ఫోర్ పోస్ట్ అయితే 4,24,800 అయ్యేది. మీకు వ్యాపారం లేదు కాబట్టి ఆ జీఎస్టీ ఎక్కడా తిరిగి రాదు, అది కలిపిన ధరనే అసలు ధర అనుకోండి.

సీనియర్ సిటిజన్ స్కీమ్‌ను మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. ఆ ఖాతాలోంచి కొంత తీసుకోవడం కుదరదు, తీస్తే మొత్తం మూసేయాలి. ఏడాది దాటాక, రెండేళ్లు నిండకుండా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు నిండాక మూస్తే ఒక శాతం కోస్తారు. మీ 15 లక్షల మీద అది 22,500 లేదా 15,000. ఎఫ్‌డీ 5 లక్షలు కూడా వద్దు. అది ఆసుపత్రి డబ్బు. మీ ఇద్దరి వయసుకు చేతికి అందేలా అంత ఉండి తీరాలి.

మీ దగ్గర ఇంకో దారి ఉంది, మీరే ఉత్తరంలో చెప్పారు. ఇల్లు మేడమ్ గారి పెన్షన్‌తో నడుస్తోంది. 8.2 శాతం చొప్పున మీ 15 లక్షలకు ఏడాదికి 1,23,000 వడ్డీ, అంటే మూడు నెలలకోసారి 30,750 మీ ఖాతాలో పడుతోంది. దాన్ని ఈ రోజు నుంచి వేరే ఖాతాలో పక్కన పెట్టండి. ఆరుసార్లు పడేసరికి 1,84,500 అవుతుంది. ఏడాదిన్నరలో అసలు పైసా కదలకుండా లిఫ్ట్ వస్తుంది. ఈ వడ్డీలు తప్ప మీకు వేరే ఆదాయం లేకపోతే దీని మీద పన్ను కూడా పడదు. ఇప్పటికే ఆ వడ్డీ కొంత జమై ఉంటే అంత ముందే కొనొచ్చు.

ఏడాదిన్నర ఆగాలా అనిపిస్తుంది, నాకు తెలుసు. ఈలోపు మంచి ట్రాలీ జాకీ, నాలుగు జాకీ స్టాండ్లు కొనుక్కోండి. లిఫ్ట్ వచ్చాక కూడా అవి పనికొస్తాయి. కారు కింద ఎన్నిసార్లు, ఏ పని కోసం దూరారో తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆ పుస్తకంలో నెలకోసారైనా పేజీ నిండుతుంటే నిశ్చింతగా కొనండి. ఏడాదికి రెండుసార్లే అని తేలితే మీ నిర్ణయం మీరే మార్చుకుంటారు.

అబ్బాయి ఆదరంగా అన్న మాటే గానీ లోన్ వద్దని చెప్పండి. ఫోర్ పోస్ట్ కోసం 12 శాతం వడ్డీకి మూడేళ్లకు తీశాడనుకోండి, నెలకు 14,109 కట్టాలి. వడ్డీ కిందే 83 వేల పైచిలుకు పోతుంది. వాళ్ల ఇంటి లోనో, పిల్లల ఫీజులో ఉన్న చోట నెలనెలా అది బరువే. నిజంగా ఇవ్వాలనుకుంటే లిఫ్ట్ బిగించే రోజు సెలవు పెట్టి వచ్చి పక్కన ఉండమనండి.

కరెంటు పని ముందే తేల్చుకోండి. ఈ లిఫ్ట్‌ల మోటారు తరచుగా 2.2 కిలోవాట్లు, అంటే మూడు హార్స్ పవర్ ఉంటుంది. సింగిల్ ఫేజ్‌దే అడగండి. కరెంటు బిల్లులో మీ లోడు ఎంత మంజూరైందో చూసి, చాలకపోతే ఈపీడీసీఎల్‌లో పెంచుకోండి. దానికి విడిగా వైరు, ఎర్తింగ్, ఎంసీబీ, తాళం వేసే మెయిన్ స్విచ్ పెట్టించండి. మనవలు సెలవులకు వస్తారు కాబట్టి ఆ తాళం తప్పనిసరి.

డీలరును మూడు విషయాలు అడగండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1493 సర్టిఫికెట్ కాగితం చూపించగలడా, హైడ్రాలిక్ సిలిండర్‌లో నూనె కారకుండా ఆపే సీల్ కిట్లు విశాఖలోనే దొరుకుతాయా, రిపేరుకు మనిషి వేరే ఊరి నుంచి వస్తే ఆ ఖర్చు ఎవరిది. మూడో దానికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. లిఫ్ట్ ముడుచుకున్నప్పుడు ఎత్తెంతో కూడా కొలవండి, మీ అంబాసిడర్ సైలెన్సర్ దాని మీదుగా పోవాలి కదా.

ఇంటి ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊళ్లో ఏం చేసిందో మీరు చూసే ఉంటారు. భారత్ గృహ రక్ష పేరుతో 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇస్తున్న పాలసీ తుఫాను నష్టాన్ని కూడా భరిస్తుంది. లిఫ్ట్ కొన్నాక దాని బిల్లు చూపించి ఇంటి సామాన్ల విలువలో కలిపించండి. తుఫాను హెచ్చరిక వస్తే కారును కిందికి దించేసి ఉంచండి.

ఇక ఆఖరిది డబ్బు విషయం కాదు, కానీ అన్నిటికంటే నాకు దిగులు కలిగించేది ఇదే. అంబాసిడర్‌కి విడిగా చాసిస్ ఫ్రేమ్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. లిఫ్ట్ ప్యాడ్లు తగిలేది తలుపుల కింద అంచు దగ్గరే. నలభై ఏళ్ల కారు, సముద్రపు గాలి, ఆ అంచుల్లో నిలిచే వాన నీళ్లు. పైన పెయింటు మెరుస్తున్నా లోపల రేకు పుచ్చిపోయి ఉండొచ్చు. లిఫ్ట్ ఆర్డరు ఇవ్వకముందే తెలిసిన టింకరింగ్ మేస్త్రీని పిలిచి ఆ అంచుల పొడవునా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడమనండి. ఎక్కడైనా మొన దిగబడితే ముందు అక్కడ రేకు మార్పించి వెల్డింగ్ చేయించండి, లిఫ్ట్ డబ్బులోంచి మొదటి వాటా దానికే పోవాలి. లిఫ్ట్ వచ్చాక కూడా కారును నాలుగు అంగుళాలు లేపి, ఆపి, బాడీని అటూ ఇటూ ఊపి చూసి, ఆ తర్వాతే పైకి లేపండి. లాక్ టక్కుమని పడ్డాక, బరువు దాని మీదకు దించాకే కిందకు వెళ్లండి. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం ఆ పని పెట్టుకోకండి సార్.