రాబిన్ ట్రోవర్‌ని కొత్తగా వినాలంటే నా ఓటు ఆ లైవ్ ఆల్బమ్‌కే

బ్రిటిష్ రాక్ గిటారిస్ట్ రాబిన్ ట్రోవర్‌ని అమెరికన్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్‌కి కాపీ అంటారు, నిజమేనా, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి అని అడిగారు. చాలామంది 1974లో వచ్చిన ‘బ్రిడ్జ్ ఆఫ్ సైస్’ పేరు చెప్తారు. గొప్ప ఆల్బమే, కాదనను. కానీ నేనైతే ముందు ‘రాబిన్ ట్రోవర్ లైవ్!’ వినమంటాను. 1975 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో వాయించిన కచేరీ అది, మరుసటి ఏడాది రికార్డుగా వచ్చింది. మొత్తం ఏడే పాటలు.

స్టేజి మీద ముగ్గురే. ట్రోవర్ గిటార్, జేమ్స్ డూవర్ బేస్ వాయిస్తూ పాడతాడు, బిల్ లార్డన్ డ్రమ్స్. రెండో గిటార్ లేదు, కీబోర్డ్ లేదు, అంటే ట్రోవర్ సోలో ఎత్తుకున్నాడంటే వెనక కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకునేవాళ్లే ఉండరు. ఆ ఖాళీని వేగంతో నింపేద్దాం అని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. ఈయన అలా చెయ్యడు. ‘డేడ్రీమ్’ వినండి, ఒక స్వరాన్ని వంచి, అది గాల్లో ఊగుతుంటే అలాగే వదిలేసి, బేస్ రెండడుగులు వేశాక అప్పుడు తాపీగా తర్వాతి మాట అందుకుంటాడు.

నేను గిటార్ నేర్చుకునే రోజుల్లో ఈ పాట వెంట వాయించడానికి నెలల తరబడి తంటాలు పడ్డాను. ఆ నీళ్లలో తేలుతున్నట్టుండే శబ్దం యూనివైబ్ అనే పెడల్‌ది, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే పెట్టె, లోపల ఒక చిన్న బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే చుట్టూ ఉన్న సెన్సర్లు శబ్దాన్ని ఊపుతాయి. అలాంటిదే ఒకటి కొని, స్పీడ్ బాగా పెంచి వాయిస్తే అంతా గజిబిజి. చివరికి స్పీడ్ బాగా తగ్గించి, నేను వాయించేవాటిలో సగం స్వరాలు తీసేశాక గానీ ఆ రుచి కొంచెమైనా రాలేదు. లోపం పెడల్‌లో లేదు, నా చేతి తొందరలో ఉంది.

కాపీ సంగతికొస్తే, స్ట్రాటోకాస్టర్ అనే గిటార్, యూనివైబ్, ముగ్గురి బ్యాండ్, ఇవన్నీ హెండ్రిక్స్‌ని గుర్తుచేస్తాయి, ఆ ప్రభావం ఉంది కూడా. అయితే ఇదే ఆల్బమ్‌లో ‘రాక్ మీ బేబీ’ వింటే బ్లూస్ గిటారిస్ట్ బీబీ కింగ్‌ని విని నేర్చుకున్న ఓపిక తెలుస్తుంది. హెండ్రిక్స్ ఎగసిపడతాడు, ట్రోవర్ ఆగి ఆలోచిస్తాడు. ఇంత తేడా ఉన్న మనిషిని ఒక్క మాటతో కొట్టిపారేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంతకుముందు ప్రోకోల్ హారమ్ అనే బ్యాండ్‌లో ఉన్నప్పుడు ఆర్గన్, పియానోల మధ్య ఈయన గిటార్‌కి దొరికిన చోటే తక్కువ, 1971లో బయటికి వచ్చాకే చేతులు చాపుకున్నాడు.

అన్నట్టు డూవర్ గొంతు గురించి చెప్పకపోతే తప్పు. అంత బేస్ వాయిస్తూ ‘ఐ కాంట్ వెయిట్ మచ్ లాంగర్’ అంత నిండుగా పాడినవాడి పేరు ఎవరూ తలవరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి గిటార్ కోసం వినండి, రెండోసారి ఆయన కోసమే వినండి.