బొలోన్యాలో నాలుగు రోజులు: డుకాటీ, లంబోర్గిని, ఫెరారీ ఫ్యాక్టరీల లోపలికి నిజంగా వెళ్లొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: సెప్టెంబరులో ఇటలీ వెళ్తున్నారు, బొలోన్యాలో నాలుగు రోజులు బస, వెంట పదేళ్ల బాబు. మూడు ఫ్యాక్టరీలూ లోపలికెళ్లి చూడాలి. ఏది ముందు బుక్ చేయాలి, కారు అద్దెకు తీసుకోవాలా?

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది, ఫెరారీ తేదీ ఖాయం చేసుకుని మిగతావి దాని చుట్టూ సర్దుకోకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మరనెల్లో ఊళ్లో ఇంజన్లు బిగించే షెడ్ల లోపలికి మామూలు సందర్శకులను పంపరు. మ్యూజియంలో అమ్మే టూరు బస్సు టూరు. బస్సు ఫ్యాక్టరీ ఆవరణలోని రోడ్ల మీదుగా ఫెరారీ కార్లను పరీక్షించే ఫియొరానో ట్రాక్ దాకా తిప్పి తీసుకొస్తుంది. మధ్యలో దిగడానికి లేదు, ఫోటోలు తీయడానికి లేదు. డుకాటీ, లంబోర్గిని మాత్రం అసెంబ్లీ లైను పక్కనే నడిపించి చూపిస్తాయి. అందుకని ఈ రెండింటి స్లాట్లు చేతికొచ్చాకే రైళ్లు, హోటళ్లు ఖాయం చేయండి.

బుకింగులో దెబ్బతినే చోట్లు మూడు. ఒకటి, మ్యూజియం టికెట్టు వేరు, ఫ్యాక్టరీ టూరు వేరు. మ్యూజియం టికెట్టు కొనేసి ఫ్యాక్టరీ కూడా అందులోనే అనుకునేవాళ్లు ఎక్కువ. రెండూ కలిసిన టికెట్టు, అందులో ఇంగ్లిష్ గైడ్ ఉన్న సమయం చూసి ఎంచుకోండి. ఇటాలియన్ టూరు స్లాట్లు పక్కనే కనబడతాయి, తొందరలో అది నొక్కేస్తే గంటసేపు ఏమీ అర్థం కాదు. రెండు, శని, ఆదివారాల్లో లైను ఆగి ఉంటుంది. కాబట్టి ఫ్యాక్టరీలకు పని దినాలు, మ్యూజియాలకు వారాంతం పెట్టుకోండి. ఆగస్టు 15న వచ్చే అక్కడి పండగకు అటూ ఇటూ కొన్ని వారాలు ఇటలీలో ఫ్యాక్టరీలు మూతపడతాయి, క్రిస్మస్‌కూ అంతే. మీది సెప్టెంబరు కాబట్టి ఆ బెడద లేదు. మూడు, పిల్లల వయసు. మ్యూజియానికి అడ్డు లేకపోయినా ఫ్యాక్టరీ లోపలికి కనీస వయసు నిబంధన ఉండొచ్చు. మీ బాబు కోసం డబ్బు కట్టకముందే ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మోటార్‌సైకిళ్లు చేసే డుకాటీ బొలోన్యా ఊరి అంచున బోర్గో పనిగాలెలో ఉంది. ఊరి మధ్య నుంచి 13 నంబరు సిటీ బస్సు అటే వెళ్తుంది. విమానాశ్రయమూ అటువైపే కాబట్టి, తిరుగు ప్రయాణం సాయంత్రమైతే ఆ రోజు ఉదయానికి ఇది సరిగ్గా సరిపోతుంది. చాలాకాలంగా మ్యూజియానికి బుధవారం సెలవు. అయినా మీ తేదీకి వెబ్‌సైటులో ఒకసారి చూసుకోండి.

మ్యూజియంలోకి నేరుగా వెళ్లి ఎర్ర రేసు బండ్ల ముందు నిలబడిపోకుండా మొదటి నుంచి రండి. 1926లో మొదలైనప్పుడు ఈ కంపెనీ చేసింది బండ్లు కాదు, రేడియో విడిభాగాలు. 1944 అక్టోబరులో బాంబు దాడిలో ఫ్యాక్టరీ నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక 1946లో సైకిలుకు తగిలించుకునే 48 సీసీ ఇంజన్ కూచోలోతో మళ్లీ లేచింది. ఆ పేరుకు అర్థం కుక్కపిల్ల, సైలెన్సర్ చప్పుడు అలా ఉండేది మరి. లూనా నడిపినవాళ్లకు దాన్ని చూడగానే ప్రాణం లేచొస్తుంది.

అక్కడి నుంచి డెస్మో అనే ఇంజన్ ఏర్పాటు దగ్గర తీరిగ్గా ఆగండి. మామూలు ఇంజన్లో వాల్వును (సిలిండర్లోకి గాలి, పొగ వచ్చిపోయే దారికి మూత) క్యామ్ (తిరుగుతూ దాన్ని నొక్కే ఉబ్బెత్తు ముక్క) తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజన్ మరీ వేగంగా తిరిగితే స్ప్రింగు క్యామ్‌ను అందుకోలేక వెనకబడుతుంది, వాల్వు సమయానికి మూసుకోదు, పిస్టన్ వచ్చి తగిలే ప్రమాదం ఉంది. 1950లలో స్ప్రింగు ఉక్కు అంత నమ్మదగ్గది కాదు, తరచూ విరిగేది కూడా. 1956లో డుకాటీ ఇంజనీరు ఫాబియో తాల్యోని 125 సీసీ రేసు బండిలో మూసే పనిని కూడా క్యామ్‌కే అప్పగించాడు. అదే డెస్మో. తెరవడానికి ఒక రాకర్ (చిన్న మీట), వాల్వు మెడ కింద పట్టుకుని పైకి లాగడానికి ఇంకో రాకర్. విప్పి ఉన్న సిలిండర్ హెడ్ కనబడితే ఆ రెండో రాకర్ కోసం వెతకండి, సన్నగా కొక్కెంలా ఉంటుంది. ఒక్కసారి కంటితో చూస్తే మళ్లీ మరిచిపోరు.

ఫ్యాక్టరీలోకి వెళ్లాక ఇంజన్ లైను దగ్గర గైడును ఈ ప్రశ్న అడగండి: ఇది డెస్మోనా, స్ప్రింగా? ఇప్పుడు డుకాటీలన్నీ డెస్మో కావు. 2021 మల్టీస్ట్రాడా వీ4 బైకు ఇంజన్లో స్ప్రింగులే పెట్టారు, వాల్వు క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదిలే సన్నటి సందు) తనిఖీ 60,000 కిలోమీటర్లకు ఒకసారి. డెస్మో ఉన్న పనిగాలె వీ4 అనే బైకుకు 24,000కే చేయించాలి. హైదరాబాదులో డుకాటీ కొనాలని ఎవరైనా ఆలోచిస్తుంటే సర్వీసు ఖర్చును నిర్ణయించే తేడా ఇదే.

లంబోర్గిని ఉన్నది సాంత్ఆగాతా బొలొన్యేసె అనే చిన్న ఊళ్లో. ఇక్కడ ముందు పేరు సరిచూసుకోండి. ఫూనో దగ్గర ఫెర్రూచ్చో లంబోర్గిని మ్యూజియం అని ఇంకోటి ఉంది, అది కుటుంబం వాళ్లది. ట్రాక్టర్ల నుంచి మొదలుపెట్టి అదీ చూడదగ్గదే, కానీ ఫ్యాక్టరీ అక్కడ లేదు. మ్యాప్‌లో పేరు కొట్టి మొదట వచ్చిందానికి టాక్సీ ఎక్కితే వేరే ఊళ్లో దిగుతారు.

మ్యూజియంలో మ్యూరా కారు (1966) ఉంటే వెనక నుంచి చూడండి. పన్నెండు సిలిండర్ల ఇంజన్ను సీట్ల వెనక అడ్డంగా పడుకోబెట్టారు. చోటు చాలక గేర్‌బాక్సును ఇంజన్‌తో కలిపి ఒకే పోతలో పోశారు, మొదట్లో వచ్చిన కార్లలో రెండింటికీ ఒకటే ఆయిల్. కౌంటాష్ అనే ఇంకో కారులో పైకి లేచే తలుపు ఒక్క షోకు కోసం వచ్చింది కాదు. వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు కాబట్టి, రివర్స్ చేసేటప్పుడు తలుపెత్తి, గుమ్మం మీద కూర్చుని, తల బయటపెట్టి వెనక్కి చూస్తూ నడపాలి. ఆ గుమ్మం వెడల్పు చూస్తే మీకే తెలుస్తుంది.

ఫ్యాక్టరీలో కారు లోపలికి వాడే తోలు విభాగాన్ని హడావుడిగా దాటేయకండి. మొత్తం తోలును బల్ల మీద పరిచి, మచ్చలూ గీతలూ వేలితో తడిమి గుర్తు పెట్టి, వాటిని తప్పించి కోస్తారు. ఈ రెండు ఫ్యాక్టరీల్లోనూ ఫోటోలు నిషేధం. చూసింది గుర్తుండాలంటే చిన్న నోట్‌బుక్కు వెంట తీసుకెళ్లండి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

సాంత్ఆగాతాకు రైలు లేదు. బొలోన్యా నుంచి శాన్ జొవాన్నీ ఇన్ పెర్సిచేతో దాకా రైల్లో వెళ్లి అక్కడ టాక్సీ పట్టుకోవచ్చు, లేదా బొలోన్యా బస్టాండు నుంచి జిల్లా బస్సు ఎక్కొచ్చు. పల్లె స్టేషన్ల ముందు టాక్సీలు కాసుకుని ఉండవు, ముందే ఫోన్ చేసి పిలిపించుకోవాలి. తిరుగు ప్రయాణానికి మ్యూజియం రిసెప్షన్‌లో అడిగితే పిలుస్తారు. బస్సు టైంటేబుల్లో ‘ఫెరియాలె’ అంటే పని దినాలు, శనివారం కూడా అందులోకే వస్తుంది. ‘ఫెస్తివో’ అంటే ఆదివారాలు, పండగలు. ‘స్కొలాస్తికో’ అని రాసి ఉన్న బస్సు బడి ఉన్న రోజుల్లోనే నడుస్తుంది. బడి తెరవని వారంలో దాన్ని నమ్ముకుంటే రోడ్డు మీద నిలబడాల్సిందే. కాగితం టికెట్టు కొంటే సరిపోదు, మెషీన్లో గుద్దించాలి, లేకపోతే జరిమానా. ప్రాంతీయ రైళ్లకూ అదే పద్ధతి.

ఫెరారీకి శనివారమైనా పర్వాలేదు. బొలోన్యా నుంచి మోదెనాకు ప్రాంతీయ రైలు అరగంట లోపే. మోదెనా స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఎంజో ఫెరారీ మ్యూజియం. పసుపు పచ్చటి పెద్ద కప్పు, పక్కనే ఫెరారీ స్థాపకుడు ఎంజో పుట్టిన ఇల్లు, తండ్రి వర్క్‌షాపు. అక్కడి నుంచి మరనెల్లో దాదాపు 18 కిలోమీటర్లు. మ్యూజియాల మధ్య షటిల్ బస్సు ఉంది, లేదా 800 నంబరు బస్సు. రెండు మ్యూజియాలకూ కలిపి ఒకే టికెట్టు దొరుకుతుంది, విడివిడిగా కొనకండి. మరనెల్లోలో ట్రోఫీల గోడ ముందు ఫార్ములా వన్ కార్లు అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన గది ఉంది, మీ బాబు అక్కణ్నుంచి కదలడు.

మ్యూజియం చుట్టుపక్కల ఫెరారీ నడపనిచ్చే అద్దె సంస్థలు వరుసగా ఉంటాయి. పది నిమిషాలకే వంద యూరోలు దాటుతుంది. సంతకం పెట్టేముందు ‘ఫ్రాంకీజియా’ అన్న గడి చూడండి. బీమా ఉన్నా, కారుకు దెబ్బ తగిలితే మీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం అదే.

దీనికైనా, మామూలు అద్దె కారుకైనా మన లైసెన్సు ఒక్కటీ చాలదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఇక్కడ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ప్రభుత్వ ఫీజు 1,000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. పాస్‌పోర్టు, వీసా అడుగుతారు కాబట్టి వీసా రాగానే దరఖాస్తు పెట్టండి. నా సలహా అయితే నాలుగు రోజులూ కారు వద్దు, లంబోర్గిని రోజు ఒక్కటీ తీసుకుంటే చాలు. అప్పుడైనా బొలోన్యా నడిబొడ్డులోకి మాత్రం కారు తీసుకెళ్లకండి. అనుమతి ఉన్న బండ్లే తిరగాల్సిన ప్రాంతం అది. ప్రవేశం దగ్గర కెమెరా నంబరు తీసుకుంటుంది, నెలల తర్వాత అద్దె సంస్థ మీ కార్డు నుంచి రుసుము తీసుకుంటుంది, ఆ తర్వాత జరిమానా విడిగా ఇంటికొస్తుంది. బోర్డు మీద ‘వార్కో అత్తీవో’ అని వెలుగుతుంటే కెమెరా పనిచేస్తున్నట్టు.

ఇక తిండి. శాకాహారులైతే ఒక్క అక్షరం జాగ్రత్త. తోర్తెల్లిని అనే కూరిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది. తోర్తెల్లోని దానికన్నా పెద్దది, అందులో సాధారణంగా రికోటా చీజు, పాలకూర కూరతారు. అయినా పైన వేసే సాస్ ఏమిటో అడిగి ఆర్డరివ్వండి.