ఇంకో చుట్టు తిరిగిరా పాపా

చి. పాపకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ చిత్తూరు నుంచి ఫోన్ చేసింది. "అది బెంగళూరులో ఫ్లయింగ్ క్లబ్బులో చేరతానంటోంది, దాన్ని చెడగొట్టింది నువ్వే" అని అరగంట తిట్టింది. ఫోన్ పెట్టేసి మేడ మీదికి పోయాను. రేణిగుంటలో దిగబోయే విమానం లైట్లు కనిపించాయి. దిగులు పడాల్సినవాణ్ణి, నవ్వుకున్నాను. ఆ తర్వాత మాత్రం తెల్లారేదాకా నిద్ర లేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. క్లబ్బు ఫీజు కట్టకముందే క్లాస్ 2 మెడికల్, అదే పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్ష, చేయించుకో. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి 40 గంటలు ఎగరాలంటారు గానీ, వారానికోసారి పోయేవాళ్ళకి అంతలో అవదు, ఇంకొంచెం ఎక్కువే కూడబెట్టుకో. పొద్దున్నే ఎగురు. బెంగళూరు అసలే 3000 అడుగుల ఎత్తు, మధ్యాహ్నం ఎండకి గాలి ఇంకా పలచబడి విమానం లేవడానికి మొరాయిస్తుంది. ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు పట్టి చూడకుండా ఎక్కకు. నీళ్ళుంటే అడుగునే ఉంటాయి.

సభ్యులందరూ ఖర్చు పంచుకుంటారు కాబట్టి క్లబ్బులో చవక. నిజమే. కానీ గంట రేటు మరీ తక్కువగా ఉంటే సంబరపడకు. సెస్నా 172 లాంటి చిన్న విమానాలకి సుమారు 2000 గంటలకోసారి ఇంజిన్ మొత్తం విప్పి బాగు చేయించాలి. దానికోసం గంటకింత అని పక్కన పెడుతున్నారా అని అడుగు. లేకపోతే ఆ రోజు అందరి జేబులూ తడుముతారు. రేటులో పెట్రోలు కలిసిందా, ఒక్క విమానానికి ఎంతమంది సభ్యులు, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ పోను మిగతాది ఎవరు కట్టాలి, ఇవన్నీ అడుగు. మొహమాటపడకు. ఆ చివరి ప్రశ్న నేను అడగలేదు.

నా మోచేతి మీద మచ్చ స్కూటర్ మీంచి పడి వచ్చిందని మీ అమ్మ ఈరోజుకీ నమ్ముతోంది. కాదు పాపా.

అప్పట్లో క్లబ్బులకి సర్కారు సబ్సిడీ ఉండేది, అందుకే నాలాంటి గుమాస్తా కూడా ఎగరగలిగాడు. మాది పుష్పక్. బెంగళూరు హెచ్ఏఎల్ వాళ్ళు చేసింది, రెండు సీట్లు, 90 హార్స్‌పవర్ ఇంజిన్, గుడ్డ కప్పిన రెక్కలు, తోక కింద చిన్న చక్రం. చక్రాల కింద చెక్కలు తీసిన నిమిషం నుంచి మళ్ళీ పెట్టేదాకా లెక్క కట్టేవాళ్ళు. ఆ ఆదివారం నా జేబులో సరిగ్గా ఒక గంటకి డబ్బుంది. ఒక్కణ్ణే ఎగురుతున్నాను. ఒక చెరువు అందంగా కనిపిస్తే దాని చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. వెనక్కి వచ్చేసరికి గడియారంలో 54 నిమిషాలు. రన్‌వే ఎదురుగానే ఉంది, కానీ నేను ఎత్తులో ఉన్నాను, వేగమూ ఎక్కువే. ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్‌ని ముందుకు తోసి, దిగకుండా పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలని నాకు తెలుసు. మా ఇన్‌స్ట్రక్టర్ వందసార్లు చెప్పిన మాటే. ఇంకో చుట్టు అంటే ఆరేడు నిమిషాలు. ఆ ఆరేడు నిమిషాల డబ్బు నా దగ్గర లేదు. అప్పు చెప్పడానికి సిగ్గేసింది.

బలవంతంగా దించాను. తాకింది, ఎగిరింది, మళ్ళీ తాకి తోక పక్కకి తిరిగిపోయింది. రెక్క నేలని గీరింది, ప్రొపెల్లర్ వంగింది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ప్రతి ఆదివారం టిఫిన్ క్యారియర్ కట్టుకుని స్కూటర్ మీద వచ్చే ముసలి సభ్యుడొకాయన ఆ విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దెబ్బలేం తగల్లేదు కదా నాయనా" అని నన్నే అడిగి, ఎగరకుండానే వెళ్ళిపోయాడు. ఆ విమానం ఐదు నెలలు షెడ్డులో ఉంది. నా వాటా వాయిదాల్లో రెండేళ్ళు కట్టాను.

నీకు బుద్ధి లేదని కాదు. నువ్వు కూడా నాలాగే పైసా పైసా లెక్క చూసే మనిషివి. ఆటోవాడితో పది రూపాయలకి గొడవ పడతావు, నేను చూశాను. నాకు భయం అక్కడే.

అందుకని నీ అకౌంట్లో కొంత డబ్బు వేశాను. గంటలకి వాడావంటే ఊరుకోను. అది గో-అరౌండ్ డబ్బు, అంటే దిగకుండా ఇంకో చుట్టు తిరిగి రావడానికి. దిగేటప్పుడు కొంచెం తేడాగా అనిపించినా థ్రాటిల్ పూర్తిగా తొయ్యి, దిగడానికి రెక్కల వెనక దించిన పలకల్ని, అదే ఫ్లాప్స్‌ని, ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా ఎత్తు, చుట్టు తిరిగిరా. మళ్ళీ తేడా వస్తే మళ్ళీ తిరుగు. అయిపోతే ఫోన్ చెయ్యి, ఇంకా వేస్తాను. ఎన్నిసార్లు తిరిగావో నాకు నెలనెలా చెప్పాలి. ఒక్కటీ లేదన్నావంటే నమ్మను.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు, తనకి దిగాక చెప్పు. నాకు ఎక్కేముందే చెప్పు.

మామ
తిరుపతి