కెమెరా కబుర్లు: చలికాలంలో చార్మినార్‌ను ఏ వైపు నుంచి తీయాలి?

ప్రశ్న: మాది నల్గొండ. డిసెంబరు ఆఖరి వారంలో హైదరాబాద్‌లో మా తమ్ముడింటికి వస్తున్నాను. ఒక రోజు పొద్దున్నే పాతబస్తీలో నడుస్తూ ఫొటోలు తీయాలని ఉంది. పోయిన చలికాలం గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి తీసిన చార్మినార్ ఫొటోలన్నీ బూడిద పూసినట్టు వచ్చాయి. నా దగ్గరున్నది ఫోనే. కెమెరా కొనుక్కోవాలా? రోడ్డు మీద మనుషుల్ని తీస్తే ఏమైనా అంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: కెమెరా కొనక్కర్లేదమ్మా. పాపం, ఆ ఫోన్‌ని తిట్టకండి. గుల్జార్ హౌజ్ ఉన్నది చార్మినార్‌కి ఉత్తరాన. మదీనా నుంచి పత్తర్‌గట్టి మీదుగా వచ్చేవాళ్లంతా అక్కడే ఆగి తీస్తారు. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి పొడుస్తాడు, దక్షిణం పక్కగా నడిచి నైరుతి వైపు దిగిపోతాడు. ఆ నెల 21న మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ 49 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అంటే ఉత్తరపు ముఖం మీద రోజు మొత్తంలో ఎండ పొడ పడదు. వెనకాల ఆకాశం వెలిగిపోతూ ముందు కట్టడం నీడలో ఉంటే లక్ష రూపాయల కెమెరా అయినా బూడిదే ఇస్తుంది.

నన్నడిగితే నయాపుల్ దగ్గర ఆటో దిగండి. సూర్యోదయం 6.40 ప్రాంతంలో. కాస్త ముందే వంతెన మీద ఉంటే మూసీ మీద మంచు దొరకొచ్చు (మూసీ వాసన కూడా దొరుకుతుంది, చున్నీ దగ్గర పెట్టుకోండి). పడమటికి తిరిగి నిలబడితే ఎడమన హైకోర్టు, కుడిన ఉస్మానియా ఆసుపత్రి. రెండూ 1908 వరద తర్వాత లేచిన కట్టడాలే. హైకోర్టు నది వైపు ముఖం ఉత్తరానికి ఉంది, కాబట్టి ఈ కాలంలో దాని సంగతి మర్చిపోండి. ఆసుపత్రి నది వైపు ముఖం దక్షిణానికి. ఎండ రాగానే ఆ గుమ్మటాలు ముందు వెలుగుతాయి. ఒక్క మాట: ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద దుప్పట్లు కప్పుకుని పడుకున్నవాళ్లు కనిపిస్తారు. రోగుల తాలూకు జనం. వాళ్లని తీయకండి. అడిగి కూడా తీయకండి.

అక్కణ్ణుంచి చార్మినార్ కిలోమీటరు చిల్లర. దారిలో నహారీ (పొద్దున్నే తినే మాంసం పులుసు) హోటల్ కనిపిస్తే తొందరపడొద్దు. ఫొటో అక్కడే ఉంది. రాత్రంతా ఉడికిన పెద్ద డేగ్షా మూత తీసే క్షణం కోసం ఆగండి. ఆవిరి ఒక్కసారిగా పైకి లేస్తుంది, వంటాయన మొహం మాయమై గరిటె పట్టిన చెయ్యి ఒక్కటే మిగులుతుంది. వెలుతురు ఆవిరికి అవతలి పక్క నుంచి, అంటే మీకు ఎదురుగా రావాలి. వెనక నుంచి వస్తే ఆవిరి అసలు కనపడదు. దగ్గరికెళ్తే లెన్స్ మసకేస్తుంది, నూలు గుడ్డతో తుడుచుకోవడమే. నైట్ మోడ్ ఆపేయండి. అది కాసేపు కదలకుండా ఉండమంటుంది, వంటాయన ఉండడు.

ఇక చార్మినార్. గుల్జార్ హౌజ్ దగ్గర ఆగకుండా ముందుకెళ్లి తూర్పుకి, సర్దార్ మహల్ రోడ్డులోకి తిరగండి. అక్కణ్ణుంచి వెనక్కి చూస్తే తూర్పు ముఖం, 1889లో పెట్టిన గడియారంతో సహా, మీ ముందుంటుంది. ఎండ ముందు మినార్ల కొసలకి తగిలి మెల్లగా కిందికి దిగుతుంది. తర్వాత అవతలి పక్క లాడ్ బజార్‌లోకి వెళ్లి తూర్పుకి తిరగండి. ఇప్పుడు ఎండ ఎదురు. స్క్రీన్ మీద ఆకాశాన్ని తాకి వెలుతురు తగ్గిస్తే కట్టడం నల్లటి ఆకారంగా నిలుస్తుంది. ఆ వేళకి గాజుల దుకాణాలు తెరవరు. షట్టర్లు, ఊడ్చేవాళ్లు, వాళ్ల చీపుళ్ల నుంచి లేచే దుమ్ము, అంతే. నాకైతే నగిషీ గాజుల కంటే ఆ దుమ్మే ఇష్టం.

మనుషుల సంగతంటారా? "భాయ్, ఏక్ ఫొటో?" అని నవ్వుతూ అడిగితే పాతబస్తీలో చాలామంది మీసం దువ్వుకుని మరీ నిలబడతారు. మొదటి ఫొటో ఆ ఫోజుకి ఇచ్చేయండి. తీసింది చూపించండి. ఆయన పనిలో పడ్డాక రెండోది తీయండి. ఆడవాళ్లని అడక్కుండా తీయొద్దు. మీరూ ఆడవారే కాబట్టి అడగడం మాకంటే మీకే సులువు.

ప్రశ్న: డీఎస్ఎల్ఆర్ సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నా. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే మోసపోతానని ఫ్రెండ్స్ టెన్షన్ పెడుతున్నారు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వెళ్లు బాబూ, కానీ చేతిలో టార్చి ఉండాలి. లెన్స్‌లోకి ఒక పక్క నుంచి వెలుతురు కొట్టి చూడు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, వదిలేయ్. ఎఫ్16 (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే అమరిక) పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడు. మచ్చలుంటే లోపల బొమ్మని పట్టే సెన్సర్ మీద దుమ్ము. అది శుభ్రం చేయించుకోవచ్చు, బేరానికి పనికొస్తుంది. షట్టర్ (ఫొటో తీసినప్పుడల్లా తెరుచుకునే లోపలి తెర) ఎన్నిసార్లు కొట్టిందో చూపించమను. చూపించనంటే పక్క షాపుంది.