ప్రోస్టేట్ బయాప్సీలు మొదలుపెడుతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీకర్‌కు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

రాజమహేంద్రవరంలోని నీ ఆసుపత్రిలో ప్రోస్టేట్ బయాప్సీలు, అంటే మగవారి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి నుంచి పరీక్షకోసం సూదితో ముక్కలు తీయడం, మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. సూది పట్టడం నీకు నేను నేర్పనక్కరలేదు. అయితే నువ్వు తీసే ముక్క చివరికి చేరేది దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు తేల్చే నావంటి పాథాలజిస్టు బల్ల మీదికే కనుక, అక్కడి నుంచి కనిపించే సంగతులు చెబుతాను.

రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. (ప్రోస్టేట్ తయారుచేసే ప్రొటీను) ఒక్కసారి పెరిగిందని వెంటనే సూది ఎత్తకుండా మరోసారి చూడు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని నిర్ధారించుకో, రక్తం పలుచబరిచే మందుల గురించి అడుగు.

మీ పెదనాన్నగారి జబ్బు సంగతి నీకు పూర్తిగా తెలియదు. అప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు, నీ ముందు ఎవరూ మాట్లాడేవారు కాదు. అన్నయ్యకు పి.ఎస్.ఎ. పెరుగుతోందని ఒక ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ సాయంతో మలద్వారం గుండా పన్నెండు ముక్కలు తీసి క్యాన్సరు లేదన్నారు. మరుసటి ఏడాది అది ఇంకా పెరిగితే, మళ్లీ అదే దారిలో, దాదాపు అవే చోట్ల నుంచి మరో పన్నెండు తీశారు. ఆ స్లైడ్లు నేనూ తెప్పించుకుని చూశాను; వాటిలో నిజంగానే క్యాన్సరు లేదు. లేదన్న మాటకు ‘ఈ ముక్కల్లో లేదు’ అన్నంత వరకే అర్థమని కాగితం ఇచ్చినవారు చెప్పలేదు, ఇంటిల్లిపాదిమీ ఊపిరి పీల్చుకున్నాము. చివరికి ఎం.ఆర్.ఐ. తీయిస్తే గ్రంథి ముందు భాగంలో, వెనుక నుంచి వచ్చే సూది సాధారణంగా అందుకోని చోట గడ్డ కనిపించింది. అప్పటికే అది ఎముకలకు పాకింది. నిన్ను సైకిలు వెనుక కూర్చోబెట్టుకుని పుష్కరాల రేవుకు తీసుకువెళ్లిన మనిషి ఆ తరువాత మంచం మీద ఒక పక్క నుంచి మరో పక్కకు తిరగలేకపోయాడు.

1989లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఆరు చోట్ల నుంచి క్రమపద్ధతిలో ముక్కలు తీయడాన్ని ప్రతిపాదించినప్పుడు అది పెద్ద ముందడుగే. ఎక్కువ క్యాన్సర్లు గ్రంథి వెనుక అంచులోనే పుడతాయి. ఆరు పన్నెండైనా, ఆ ముక్కలన్నీ కలిపి గ్రంథిలో ఒక శాతం కూడా ఉండవు. 2017లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో 576 మందిని పరీక్షించగా, ప్రమాదకరమైన క్యాన్సర్లలో ఎం.ఆర్.ఐ. 93 శాతాన్ని గుర్తిస్తే పాత పద్ధతి బయాప్సీ 48 శాతాన్నే గుర్తించింది. మరుసటి ఏడాది వచ్చిన ప్రెసిషన్ అధ్యయనంలో, ముందు ఎం.ఆర్.ఐ. తీసి అనుమానమున్న చోటికే సూది నడిపినప్పుడు అటువంటి క్యాన్సరు 38 శాతం మందిలో బయటపడగా, పాత పద్ధతిలో 26 శాతం మందిలోనే బయటపడింది. చికిత్స అక్కరలేని చిన్న క్యాన్సర్లు దొరకడమూ 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. కనుక ఎం.ఆర్.ఐ. లేకుండా ఎవరికీ సూది వేయకు. ఎం.ఆర్.ఐ. శుభ్రంగా ఉన్నా, గ్రంథి పరిమాణంతో భాగించిన పి.ఎస్.ఎ. 0.15 దాటితే ఆ మనిషిని వదిలిపెట్టకు.

దారి కూడా మార్చుకో. మలద్వారానికీ వృషణాలకూ మధ్యనున్న చర్మం గుండా, అంటే ట్రాన్స్‌పెరీనియల్ పద్ధతిలో వెళితే ముందు భాగం సులువుగా అందుతుంది, పేగులోని సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే ప్రమాదమూ బాగా తగ్గుతుంది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఇ.కోలి బ్యాక్టీరియా మన దేశంలో ఎంతగా వ్యాపించిందో తెలిసి కూడా పాత దారిలోనే వెళతానంటే నేను ఒప్పుకోను.

ముక్కలన్నీ ఒకే డబ్బాలో వేసి పంపే అలవాటు ఉంటే ఈ రోజే మానుకో. ప్రతి చోటికీ వేరే ఫార్మలిన్ డబ్బా, దాని మీద ఏ వైపు, ఏ భాగం అన్న వివరం ఉండాలి. క్షయ వచ్చిందా, మూత్రాశయ క్యాన్సరు చికిత్సకు అందులోకి బి.సి.జి. ఎక్కించారా అన్నది ఫారంలో తప్పక రాయి. వాటి వల్ల ప్రోస్టేట్‌లో వచ్చే వాపు ఎం.ఆర్.ఐ.లో అచ్చం క్యాన్సరులాగే కనిపించి మోసం చేస్తుంది.

నీ దగ్గరికి వచ్చే పెద్దవారు ఈ బాధ గురించి కొడుకులతో కూడా చెప్పుకోరు నాన్నా. తలుపు మూసి, కూర్చోబెట్టి, నెమ్మదిగా అడుగు.

పాథాలజీకి పంపే ఫారం నమూనా అచ్చు వేయించే ముందు నాకు పంపు. గ్రంథి బొమ్మలో ముందు భాగం గీశావో లేదో మొదట చూస్తాను.

ఇట్లు
మీ అత్తయ్య