కార్బొనేట్‌లో ద్విబంధం ఏ ఆక్సిజన్‌ది?

ప్రశ్న: అయ్యా, నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. కార్బొనేట్ అయాన్‌కు ఎలక్ట్రాన్ చుక్కల నిర్మాణం గీస్తే కార్బన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే వస్తున్నాయి. ఒక ద్విబంధం పెడితే సరిపోతోంది గాని, దానిని ఏ ఆక్సిజన్‌తో పెట్టాలో తెలియడం లేదు. పుస్తకంలో మూడు బొమ్మలు వేసి రెజోనెన్స్ అన్నారు. ద్విబంధం ఒక ఆక్సిజన్ దగ్గర నుంచి మరొకదాని దగ్గరకు తిరుగుతూ ఉంటుందా? మూడింటిలో అసలైనది ఏది?
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: ముందుగా లెక్క సంగతి చూద్దాం. కార్బన్‌కు 4, మూడు ఆక్సిజన్లకు ఆరేసి చొప్పున 18, అయాన్ మీద ఉన్న రెండు ఋణావేశాలకు మరో 2, వెరసి 24 వేలన్సీ (బయటి కక్ష్యలోని) ఎలక్ట్రాన్లు. బొమ్మ మొదలుపెట్టక ముందే ఈ మొత్తాన్ని కాగితం అంచున రాసుకోండి. గీయడం పూర్తయ్యాక లెక్కపెడితే ఒక్కటి తగ్గినా, ఒక్కటి పెరిగినా ఆ బొమ్మను కొట్టివేయవలసిందే. మూడు ఏక బంధాలకు 6 పోగా మిగిలిన 18 మూడు ఆక్సిజన్ల మీద మూడేసి ఒంటరి జంటలుగా, అంటే బంధంలో పాల్గొనని జంటలుగా సర్దుకుంటాయి. కార్బన్‌కు అష్టకం, అంటే ఎనిమిది ఎలక్ట్రాన్ల లెక్క, నిండదు. బయటి నుంచి ఎలక్ట్రాన్లు తెచ్చుకునే వీలు లేదు కనుక, ఏదో ఒక ఆక్సిజన్ మీది ఒంటరి జంటను బంధంలోకి దించాలి. ఇంతవరకు మీరు చేసినది సరిగానే ఉంది.

ఏ ఆక్సిజన్‌ను ఎన్నుకున్నా నియమాలకు భంగం కలగదు. చిక్కంతా అందులోనే ఉంది. మూడు బొమ్మలలో ఏ ఒక్కటి నిజమైనా, అయాన్‌లో ఒక బంధం పొట్టిగా, రెండు బంధాలు పొడవుగా ఉండాలి. కార్బన్‌కు, ఆక్సిజన్‌కు మధ్య మామూలు ఏక బంధం సుమారు 143 పికోమీటర్లు, ద్విబంధం సుమారు 122 పికోమీటర్లు ఉంటుంది. మీ జిల్లాలో ఇంటింటా పరిచే కడప బండ సున్నపురాయి. అందులో ముఖ్యమైన ఖనిజం కాల్సైట్, దాని రసాయన నామం కాల్షియం కార్బొనేట్. కాల్సైట్ స్ఫటికాన్ని ఎక్స్ కిరణాలతో పరీక్షించి కొలిస్తే మూడు బంధాలూ ఒకే పొడవున, దాదాపు 128 పికోమీటర్లుగా తేలుతాయి. వాటి మధ్య కోణాలు మూడూ 120 డిగ్రీలే.

ద్విబంధం వేగంగా తిరుగుతుంటే కొలతలో సగటు మాత్రమే కనిపిస్తుంది కదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అలా తిరగాలంటే బంధం పొట్టిదైన ప్రతిసారీ ఆక్సిజన్ కేంద్రకం లోపలికి జరగాలి, మళ్లీ వెనక్కు పోవాలి. రెజోనెన్స్‌లో కేంద్రకాలు కదలవు. బంధాలు ఏ పరారుణ కిరణాలను పీల్చుకుంటాయో చూపే పరారుణ వర్ణపటం కూడా ఇదే చెబుతుంది. అసిటోన్ వంటి కీటోన్లలో కార్బన్, ఆక్సిజన్ ద్విబంధానికి 1700 తరంగసంఖ్య (ఒక సెంటీమీటరులో ఇమిడే తరంగాల సంఖ్య) ప్రాంతంలో బలమైన పట్టీ కనిపిస్తుంది. కాల్సైట్‌లో అక్కడ అటువంటి పట్టీ లేదు. బలమైన పట్టీ 1400 దాటిన కొద్ది దూరంలో, ఏక, ద్విబంధాల నడుమ ఉండే బంధానికి తగినట్టుగా కనిపిస్తుంది.

కనుక మూడింటిలో ఏదీ అసలైనది కాదు. 1916లో గిల్బర్ట్ లూయిస్ ప్రతిపాదించిన పద్ధతిలో ఎలక్ట్రాన్ జంట ఒక పరమాణువు మీదనైనా ఉండాలి, రెండింటి మధ్యనైనా ఉండాలి. నాలుగు పరమాణువుల మీద పరచుకున్న జంటను చూపడానికి ఆ పద్ధతిలో చోటు లేదు. 1930లలో లైనస్ పౌలింగ్ క్వాంటమ్ యాంత్రిక శాస్త్రం ఆధారంగా రెజోనెన్స్ భావనను అభివృద్ధి చేసిన తర్వాత ఈ ఇబ్బంది తీరింది: మూడు బొమ్మలనూ కలిపి చదివితే వచ్చే ఒకే ఒక నిర్మాణం అయాన్‌ది. నాలుగు బంధాలను మూడు చోట్లకు పంచితే ఒక్కొక్క బంధ క్రమం (రెండు పరమాణువుల మధ్య బంధాల సంఖ్య) 4/3 అవుతుంది, రెండు ఋణావేశాలను మూడు ఆక్సిజన్లు పంచుకుంటే ఒక్కొక్కదాని వాటా 2/3 అవుతుంది.

ఈ వాటాలు అన్ని చోట్లా సమానంగా ఉంటాయనుకోకండి. వంటగట్టు మీది కడప బండపై నిమ్మరసం చుక్క పడి కాసేపు నిలిస్తే తెల్లని మచ్చ మిగులుతుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్ కార్బొనేట్‌లోని ఒక ఆక్సిజన్‌ను పట్టుకోగా బైకార్బొనేట్ ఏర్పడుతుంది; ఆపై మరో హైడ్రోజన్ అయాన్ చేరితే అది నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ బైకార్బొనేట్‌కు కూడా మూడు బొమ్మలు గీయవచ్చు. అయితే హైడ్రోజన్ ఉన్న ఆక్సిజన్‌తో ద్విబంధం పెట్టిన బొమ్మలో ఫార్మల్ ఆవేశం (బంధ ఎలక్ట్రాన్లను సగం సగం పంచితే పరమాణువు మీద మిగిలే ఆవేశం) లెక్క వేసి చూడండి: ఆ ఆక్సిజన్ వేలన్సీ ఎలక్ట్రాన్లు 6, అందులోంచి ఒంటరి జంటకు 2, బంధ ఎలక్ట్రాన్లలో సగానికి 3 తీసివేస్తే ధన 1 మిగులుతుంది, తక్కిన రెండు ఆక్సిజన్ల మీద ఋణ 1 చొప్పున ఉంటుంది. ఇలా ఆవేశాలు విడిపోయిన బొమ్మ పాత్ర చాలా స్వల్పం. అందువల్ల రెండు బంధాలు దాదాపు సమానంగా, హైడ్రోజన్ వైపు బంధం వాటికంటే పొడవుగా ఉంటాయి.

పరీక్షలో ఒక్క జాగ్రత్త తీసుకోండి. రెజోనెన్స్ బొమ్మల మధ్య రెండు కొనలున్న ఒకే బాణం గీయాలి. సమతాస్థితికి వాడే రెండు బాణాలు గీస్తే అవి వేర్వేరు పదార్థాలని అర్థం వస్తుంది. చుక్కలను, బంధాలను మాత్రమే జరపవచ్చు. బైకార్బొనేట్‌లో హైడ్రోజన్‌ను ఒక ఆక్సిజన్ మీద నుంచి తీసి మరొకదాని మీద పెడితే, అది రెజోనెన్స్ బొమ్మ కిందకు రాదు.